తెరిచిన ఇంటికి కాపలా



"లినక్స్ వేయించుకుంటే ఇక వైరస్ బాధ ఉండదు" అనే మాట ఈమధ్య చాలా ఇళ్ళలో వినబడుతోంది. అందుకు కారణం లేకపోలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇస్తూ వచ్చిన మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటరు చూస్తే బాగానే ఉంటుంది, కొత్త విండోస్‌ని మాత్రం మోయలేదు. పారేయడానికి మనసొప్పదు. అప్పుడు పిల్లలో, రిపేరు చేసే అబ్బాయో "లినక్స్ వేసేస్తానండీ, డబ్బు కట్టక్కర్లేదు, వైరస్‌లు రావు" అంటారు. మొదటి మాట నిజం. రెండో మాట సగమే నిజం. ఆ మిగతా సగం గురించి ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

"మా ఇంట్లో లినక్స్ లేదు, ఈ గొడవ మాకెందుకు?" అనుకోకండి. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని అడుగున ఉన్నది లినక్సే. ఇంట్లో వైఫై పెట్టె, గుమ్మం మీద కెమెరా, కొత్తరకం టీవీ, వీటిలో చాలావాటికి ఆధారం అదే. ప్రపంచంలోకెల్లా వేగమైన 500 కంప్యూటర్ల జాబితా తీస్తే, 2017 నవంబరు నుంచి అందులో అన్నీ లినక్స్ మీద నడిచేవే. కాబట్టి తెలిసినా తెలియకపోయినా మనమంతా ఆ ఇంట్లో కాపురం ఉంటున్నవాళ్ళమే.

ముందు మాటలకు అర్థం చెప్పుకుందాం. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టం అంటే ఇంటి పెత్తనం చేసే మనిషి లాంటిది. ఎవరు లోపలికి రావాలి, ఎవరికి ఏ గది, ఏ బీరువా ఎవరు తెరవాలి, అన్నీ అదే నిర్ణయిస్తుంది. ఓపెన్ సోర్స్ అంటే దాని తయారీ విధానం దాచకుండా అందరికీ చూపించడం. మిఠాయి కొట్లో మైసూరుపాకు కొంటాం. రుచి బాగుంటుంది, కాని అందులో ఏం కలిపాడో చెప్పడు. అదే పక్కింటి పిన్నిగారు చేసి పంపితే, అడగ్గానే పాళ్ళతో సహా కాగితం మీద రాసిస్తారు. మనం చేసి చూడవచ్చు, నెయ్యి ఎక్కువైతే తగ్గించుకోవచ్చు, ఇంకొకరికి చెప్పవచ్చు. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము పిన్నిగారి మైసూరుపాకు అన్నమాట.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే పేరుతో ఈ పద్ధతిలో ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టం తయారు చేస్తానని ప్రకటించాడు. దానికి గుండెకాయ లాంటి భాగాన్ని 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి రాసి అందరి ముందూ పెట్టాడు. అదే లినక్స్. తరువాత వేలాదిమంది చేతులు కలిపారు. మన దేశంలో సి-డాక్ అనే ప్రభుత్వ సంస్థ దీని ఆధారంగానే "బాస్" అనే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి తెలుగుతో సహా మన భాషలలో అందించింది.

ఇక మాల్వేర్ అంటారా, కీడు తలపెట్టి రాసిన ప్రోగ్రాము ఏదైనా మాల్వేరే. అంటువ్యాధిలా ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు పాకేది వైరస్. మేలు చేసేదానిలా వేషం వేసుకుని వచ్చేది ట్రోజన్. మన ఫైళ్ళకు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానని బెదిరించేది రాన్సమ్‌వేర్. దొడ్డిదారి తలుపు తీసిపెట్టి, దొంగ ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిపోయే వీలు కల్పించేది బ్యాక్‌డోర్. లినక్స్‌కి ఇవి రావనడం వట్టిమాట. లినక్స్ కోసం రాసిన వైరస్ 1996లోనే బయటపడింది, దాని పేరు స్టావోగ్.

మరి లినక్స్ వాడేవాళ్ళకు వైరస్ బెడద తక్కువ అనడం అబద్ధమా? కాదు. దానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, తాళాలగుత్తి. లినక్స్‌లో మామూలుగా మనం ఇంట్లో అతిథి హోదాలో ఉంటాం. మన గదిలో మన ఇష్టం. ఇల్లంతటికీ సంబంధించిన మార్పు చేయాలంటే మాత్రం మళ్ళీ పాస్‌వర్డు అడుగుతుంది. అంటే గుత్తి ఎప్పుడూ బల్లమీద పడి ఉండదు, ఇంటావిడ బొడ్లోనే ఉంటుంది. రెండు, సరుకు వచ్చే దారి. కొత్త ప్రోగ్రాము కావాలంటే ఊరంతా తిరగనక్కర్లేదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి ప్రతి లినక్స్‌కీ సొంత భాండాగారం ఉంటుంది. అక్కడినుంచి వచ్చే ప్రతి మూటకూ ముద్ర వేసి ఉంటుంది. దారిలో ఎవరైనా విప్పి కట్టితే ముద్ర సరిపోదు, కంప్యూటరు తీసుకోదు. మూడు, ఇళ్ళలో బల్లమీద పెట్టుకునే కంప్యూటర్లలో లినక్స్ వాడేవాళ్ళు తక్కువ. దొంగ జనం ఎక్కువున్న సంతకే పోతాడు గదా! ఈ మూడోది మన గొప్ప కాదు సుమా, అదృష్టం మాత్రమే. పెద్ద పెద్ద సర్వర్ల దగ్గర ఆ అదృష్టం లేదు. అక్కడ ఉన్నది ఎక్కువగా లినక్సే, దొంగల కన్నూ దానిమీదే.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. తయారీ విధానం అందరికీ చూపిస్తే దొంగ కూడా చూస్తాడు గదా? చూస్తాడు. కాని గోడ ఎక్కడ బలహీనంగా ఉందో దాచినంతమాత్రాన గోడ బలపడదు. పదిమంది చూస్తే ఎవరో ఒకరు "ఇక్కడ బీట వారింది" అని చెబుతారు, బాగు చేసుకుంటాం. ఓపెన్ సోర్స్‌కి ఉన్న ధీమా అంతా ఈ మాటమీదే నిలబడి ఉంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చూడవచ్చు అనడం వేరు, చూడటం వేరు. వీధిలో అందరి ఇళ్ళముందూ పోయే కాలువ ఉంటుంది. ఎవరైనా పూడిక తీయవచ్చు. మరి తీసేదెవరు?

2014 ఏప్రిలులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ఈ సంగతి లోకానికి తెలిసివచ్చింది. ఇంటర్నెట్టులో మన పాస్‌వర్డులు పరాయివాళ్ళ కంటబడకుండా మూసి పంపే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే పనిముట్టులో అది ఉంది. దొంగ తవ్విన కన్నం కాదది, మేస్త్రీ పొరపాటున వదిలేసిన సందు. తలుపు బార్లా తెరిచిన ఇంట్లో, అందరి కళ్ళెదుటా, రెండేళ్ళపాటు ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదంటే, ప్రపంచంలో సగం వ్యాపారం ఆధారపడిన ఆ పనిముట్టును చూసుకునేది గుప్పెడుమంది. దానికి అప్పట్లో వచ్చే విరాళాలు ఏడాదికి 2000 డాలర్ల దగ్గర ఉండేవి. ఆ తరువాతే పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా ఇలాంటి పనులకు కొంత డబ్బు కేటాయించడం మొదలుపెట్టాయి.

పొరపాటు సంగతి అది. మరి కావాలనే కన్నం వేస్తే? 2024లో అదీ జరిగింది. ఈ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

చలికాలం పోయాక రజాయిలు నొక్కి మూటగట్టి అటకమీద పెడతామే, అలాగ పెద్ద ఫైళ్ళను నొక్కి చిన్నవిగా చేసే పనిముట్టు ఒకటి ఉంది. పేరు ఎక్స్‌జెడ్. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటూ వచ్చినవాడు ఫిన్లండుకు చెందిన లాసీ కాలిన్. జీతం లేదు, సాయం లేదు, తీరిక వేళల్లో చేసే పని. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చారు. చిన్న చిన్న సవరణలు పంపారు. పని శుభ్రంగా ఉంది, మాట మెత్తగా ఉంది. 2022లో ఇంకేవో కొత్త పేర్లతో ఉత్తరాలు రావడం మొదలైంది. "పని ఇంత ఆలస్యమేమిటి? నీకు చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు" అనే ధోరణిలో సతాయింపు. కాలిన్ తన ఆరోగ్యం కొంతకాలంగా బాగాలేదనీ, ఇది జీతం తీసుకుని చేసే పని కాదనీ చెప్పుకున్నాడు. అలసిపోయిన మనిషి, పక్కనే ఓపిగ్గా సాయం చేస్తున్న కొత్త మనిషి. మెల్లగా పెత్తనంలో సగం జియా టాన్ చేతికి వచ్చింది.

మన ఇళ్ళలో ఇలాంటివి చూడలేదూ? పెద్దావిడ మంచాన పడితే, సాయానికి వచ్చిన మనిషి మొదట మందులందిస్తుంది, తరువాత పాల లెక్క చూస్తుంది, ఆ తరువాత బీరువా తాళాలు. అందరూ అలాంటివాళ్ళు కారు, నూటికి తొంభైతొమ్మిది మంది నిజంగా సాయానికే వస్తారు. ఆ ఒక్కరిని కనిపెట్టడమే కష్టం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు.

2024 ఫిబ్రవరిలో ఎక్స్‌జెడ్ 5.6.0, మార్చిలో 5.6.1 విడుదలయ్యాయి. రెండింటిలోనూ దొడ్డిదారి తలుపు ఉంది. దాన్ని ఎంత తెలివిగా పెట్టారో చూడండి. ఎక్స్‌జెడ్ సరిగా పనిచేస్తోందా లేదా అని పరీక్షించడానికి కావాలని పాడుచేసిన నమూనా ఫైళ్ళు కొన్ని ఉంటాయి. వాటిని చదివితే ఎవరికీ అర్థం కాదు, అర్థం కావాలని ఎవరూ అనుకోరు. విషం అందులో దాచారు. ఆ విషాన్ని బయటికి తీసి కలిపే నాలుగు ముక్కలు మాత్రం అందరూ చూసే చోట పెట్టలేదు. విడుదల చేసే మూటలో కట్టారు. అంటే గోడకు అంటించిన వంట విధానం ఒకటి, పొట్లం కట్టి పంపిన పదార్థం ఒకటి. గోడమీది కాగితం చదివినవాడికి ఏమీ కనబడదు.

ఇంతకీ ఆ తలుపు ఎక్కడికి తెరుచుకుంటుంది? దూరాన ఉన్న కంప్యూటరులోకి అధికారులు భద్రంగా వెళ్ళే దారి ఒకటుంది, ఎస్‌ఎస్‌హెచ్ అంటారు. దానికీ ఎక్స్‌జెడ్‌కీ నేరుగా సంబంధం లేదు. కాని డెబియన్, ఫెడోరా వంటివాటిలో ఎస్‌ఎస్‌హెచ్ ఇంకో ప్రోగ్రామును పిలుస్తుంది, ఆ ప్రోగ్రాము ఎక్స్‌జెడ్‌ని వెంటబెట్టుకు వస్తుంది. పెళ్ళికి పిలిచిన చుట్టం తన చుట్టాన్ని తీసుకువచ్చినట్టు! ఆ వచ్చినవాడు సింహద్వారం తాళంలోనే వేలు పెట్టాడు. రహస్యపు తాళంచెవి ఉన్నవాడు పాస్‌వర్డు లేకుండానే లోపలికి ఏ ఆజ్ఞ అయినా పంపవచ్చు. ఇది ప్రపంచమంతా పాకి ఉంటే ఎన్ని లక్షల సర్వర్లు ఒక్క చేతికింద పడేవో!

పాకలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ పని చూస్తుంటాడు. దాని వేగం కొలుస్తుంటే, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి పోవడానికి మామూలుగా పట్టే 0.3 సెకను బదులు 0.8 సెకను పడుతోందని గమనించాడు. తేడా అరసెకను! మనమైతే గుర్తించం. కాని మన వంటింట్లో కుక్కరు విజిలు రోజూకంటే ఆలస్యమైతే మనకు తెలియదూ? వెంటనే గాస్కెట్టు చూస్తాం. అది లెక్కపెట్టి తెలుసుకున్నది కాదు, రోజూ చేసే పనిమీద ఉండే ధ్యాస. ఆయనకూ అలాగే తోచింది. వదిలిపెట్టకుండా తీగ లాగాడు. డొంకంతా కదిలింది. 2024 మార్చి 29న సంగతి బహిరంగంగా ప్రకటించాడు. ఆ వెంటనే లినక్స్ సంస్థలన్నీ ఆ రెండు విడుదలలనూ వెనక్కి తీసుకున్నాయి. ఎక్కువగా ప్రయోగదశలో ఉన్న రకాలలోకే అది చేరింది. మామూలు జనం వాడే స్థిరమైన డెబియన్‌లోకి రాకముందే పట్టుబడింది. జియా టాన్ పేరు వెనక ఉన్నది ఎవరో ఈనాటికీ బయటపడలేదు.

ఈ కథను రెండు రకాలుగా చెప్పుకునేవాళ్ళున్నారు. "చూశారా, ఓపెన్ సోర్స్‌లో ఎవరైనా దూరిపోతారు" అని కొందరు. "చూశారా, ఓపెన్ సోర్స్ కాబట్టే పట్టుబడింది" అని కొందరు. రెండూ నిజమే. మూత పెట్టిన ప్రోగ్రామైతే ఫ్రాయిండ్‌కి అనుమానం వచ్చినా లోపలికి తొంగిచూసే వీలు ఉండేది కాదు. తెరిచి ఉంది కాబట్టి తవ్వి చూడగలిగాడు. కాని ఆయన ఆరోజు ఆ పని చేయకపోతే? పదివేల కళ్ళున్నాయని మనం అనుకునే చోట, నిజంగా చూసిన కళ్ళు రెండు. తెరిచిన ఇల్లు భద్రమే, కాపలా ఉన్నంతసేపు.

ఆ కాపలాలో మన వంతు ఏమిటన్నది ఇప్పుడు చూద్దాం. పెద్ద సర్వర్ల సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. మన గడప సంగతి మనదే.

మొట్టమొదటిది అప్‌డేట్లు. "అప్‌డేట్ చేయమంటారా?" అని కంప్యూటరు అడిగితే "తరువాత" అని నొక్కేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. లోపం బయటపడిన రోజున దొంగలకూ తెలుస్తుంది. బాగుచేసిన ప్రోగ్రాము వచ్చినా మనం వేసుకోకపోతే, తలుపు విరిగిందని ఊరంతా చాటించి వడ్రంగిని పంపేసినట్టే. ఫోను కొనేటప్పుడు కెమెరా ఎంత, రంగు ఏమిటి అని అడుగుతాం. ఎన్నేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారని కూడా అడగండి. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోను పిల్లలకు పాటలు వినడానికి ఇవ్వండి గాని, అందులో బ్యాంకు పని పెట్టుకోకండి.

రెండోది, సరుకు ఎక్కడినుంచి తెస్తున్నామన్నది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వారి వెబ్‌సైటులోకే దొంగలు జొరబడి, అసలు లింకు తీసేసి కలుషితమైన మింట్ లింకు పెట్టారు. ఆరోజు దించుకున్నవాళ్ళకు కొత్త లినక్స్‌తోపాటు దొడ్డిదారి తలుపూ వచ్చింది. అందుకే ప్రతి లినక్స్‌కీ ఒక సరిచూసే సంఖ్య ఇస్తారు, చెక్‌సమ్ అంటారు. వేరుగా ఇచ్చే డిజిటల్ సంతకంతో దాన్ని రూఢి చేసుకోవచ్చు. మీకు లినక్స్ వేసిపెట్టే అబ్బాయిని "బాబూ, అది సరిచూశావా?" అని అడగండి. తడబడితే మళ్ళీ చేయించండి. వేసుకున్న తరువాత ప్రోగ్రాములు దాని సొంత భాండాగారం నుంచే తెచ్చుకోండి.

ఫోనుకూ ఇదే సూత్రం. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అని ఒక ఫైలు వస్తుంది. చివర ఏపీకే అని ఉంటుంది. ట్రాఫిక్ చలానా అనీ, బ్యాంకు కేవైసీ అనీ కూడా వస్తాయి. శుభలేఖ అయితే బొమ్మగానో కాగితంగానో వస్తుంది, ఏపీకే ఎందుకవుతుంది? ఏపీకే అంటే ప్రోగ్రాము. నొక్కి లోపలికి రానిస్తే "మెసేజులు చదవనిస్తారా?" అని అడుగుతుంది. సరేనంటే మీకు వచ్చే ఓటీపీలు దొంగకూ చేరతాయి. ఇందులో ఆండ్రాయిడ్ తప్పేమీ లేదు, తలుపు తీసింది మన చేయి. తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చినా సరే, ముందు వాళ్ళకు ఫోను చేసి అడగండి. వాళ్ళ ఫోనే దొంగ చేతిలో ఉండవచ్చు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచుకోకండి. వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930 నంబరుకు ఫోను చేయండి. గంట ఆలస్యమైతే డబ్బు ఇంకో చేయి మారుతుంది.

మూడోది, పాస్‌వర్డు అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగడం. లినక్స్ పెత్తనపు పాస్‌వర్డు అడిగిందంటే ఎవరో ఇల్లంతటికీ తాళంచెవి అడుగుతున్నారని అర్థం. మనం ఏదైనా పని మొదలుపెట్టామా? పెట్టి ఉంటే సరే. లేకపోతే ఇవ్వకండి. ఎక్కడో చదివిన ఆజ్ఞ ఏదో అర్థం తెలియకుండా తెచ్చి అతికించకండి. ఊరూపేరూ లేని వైద్యుడి చూర్ణం మింగుతామా?

నాలుగోది, ఇంట్లో మనం కంప్యూటరనుకోని కంప్యూటర్లు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ పుట్టింది. దానికి పెద్ద తెలివితేటలు లేవు. కెమెరాలకూ వైఫై పెట్టెలకూ కంపెనీ పెట్టి ఇచ్చిన "అడ్మిన్", "1234" వంటి పాస్‌వర్డులు అరవై చిల్లర దగ్గర పెట్టుకుని, కనిపించిన ప్రతి తలుపుమీదా వరుసగా ప్రయత్నించేది. అంతే! లక్షలాది తలుపులు తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలా లొంగదీసుకున్న పెట్టెలన్నీ కలిసి డిన్ అనే సంస్థమీద పడితే, అమెరికాలో చాలా చోట్ల ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటలతరబడి పనిచేయలేదు. ఆ పెట్టెలన్నీ లినక్స్‌వే. వాటి యజమానులకు తమ ఇంటి కెమెరా దొంగల సైన్యంలో చేరిందని తెలియను కూడా తెలియదు. మీ ఇంట్లో వైఫై బిగించినవాళ్ళు పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంటే, ఈ సాయంత్రం పిల్లల చేత మార్పించండి.

చివరిది, ఫోటోలూ కాగితాలూ ఇంకొక చోట కాపీ తీసి ఉంచడం. ఆ రెండో కాపీ ఎల్లప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచకూడదు సుమా, రాన్సమ్‌వేర్ వస్తే దానికీ తాళం వేస్తుంది. ఊరగాయ ఒక్క జాడీలోనే పెట్టం గదా!

ఇవన్నీ మన గడప లోపలి పనులు. ఒక్క పని గడప దాటి చేయాలి. ఉచితంగా వచ్చే ఈ ప్రోగ్రాముల వెనక ఎక్కడో ఒక మనిషి రాత్రి భోజనం చేశాక కూర్చుని పనిచేస్తున్నాడు. లాసీ కాలిన్‌ని లొంగదీసింది కంప్యూటరు విద్య కాదు. అలసట, ఒంటరితనం, సతాయింపు. ఆయనకు 2022లో పదిమంది తోడుగా నిలబడి ఉంటే ఆ దొంగకు సందు దొరికేది కాదేమో. కాబట్టి ఏ ప్రోగ్రామైనా మీకు ఉపయోగపడితే, తప్పు కనబడినప్పుడు విసుక్కోకుండా వివరంగా రాయండి. తెలుగు బాగా వచ్చినవాళ్ళు దాని మాటలు తెలుగు చేసిపెట్టవచ్చు. ఇవ్వగలిగితే వంద రూపాయలు పంపండి. ఇంట్లో కంప్యూటరు చదువుతున్న అమ్మాయి ఉంటే, ఇలాంటి పనిలో చేయి వేయమని ప్రోత్సహించండి. గ్నోమ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ 2006లోనే స్త్రీల కోసం ప్రత్యేకంగా వేసవి శిక్షణ ఏర్పాటు చేసింది. ఈ ఇంట్లో మనకు చోటు లేదని ఎవరూ అనలేదు.

చూడటానికి వీలున్నది చూసుకోవాలి. చూసేవాళ్ళను చూసుకోవాలి. లినక్స్ వేయించుకోండి, నిశ్చింతగా వాడుకోండి, కాని "దీనికేమీ రాదు" అని మాత్రం నిద్రపోకండి.

సెలవు.